ఓ పాజిటివ్ చేతిలో టెంకాయ

ముందే చెప్పేస్తున్నాను, నా చేతికి కొలతలు తెలియవు. నేను డ్రమ్ము అని రాస్తే మీరు బకెట్టు అని చదువుకోండి, బకెట్టు అంటే చెంబు. మా పెద్దనాయన గొంతు కొండాపూర్‌లో లేస్తే కూకట్‌పల్లిలో కాకులు ఎగిరేవని రాస్తే, వీధి చివరి దాకా వినబడేదని సర్దుకోండి. ఇది జబ్బు కాదు, వృత్తి. పత్రికల వాళ్ళు ఇన్నేళ్ళుగా నా చేత రాయించుకుంటున్నది ఉన్నది ఉన్నట్టు రాస్తానని కాదు. కాకపోతే ఈ అధ్యాయంలో నేను పెంచాల్సింది పెద్దగా లేదు. ఇందులోని మనుషులు నాకంటే ముందే తమను తాము పెంచుకుని కూర్చున్నారు.

ఆ మధ్య షుగరు చూపించుకుందామని ఇంటి దగ్గర ల్యాబుకు వెళ్ళాను. ప్యాకేజీలో వస్తుందంటూ అడక్కుండానే బ్లడ్ గ్రూపు కూడా చూశారు. కౌంటర్లో అమ్మాయి కాగితం చేతికిస్తూ "బి పాజిటివ్, అంకుల్" అంది. అంకుల్ అన్నప్పుడే ఆమెకూ నాకూ చెడింది.

"నాది ఓ పాజిటివ్" అన్నాను.

"కాదంకుల్, బి."

"నా రక్తం సంగతి నాకు తెలియదామ్మా?"

"తెలిస్తే గీడికెందుకొచ్చిండ్రు? జర కూసోండ్రి, మళ్ళ చూస్తం."

మళ్ళీ చూశారు. మళ్ళీ బి. "గిన్నేండ్లల్ల ఎవ్వరికీ రక్తం ఇయ్యలేదా అంకుల్? ఇస్తే అప్పుడే తెలుస్తుండె" అంది. ఇవ్వలేదన్నాను. మనుషుల మీద నాకు అంత ప్రేమ లేదని కూడా అన్నాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయట మెట్ల మీద నిలబడ్డాను. ఎదురుగా అద్దాల మేడలు ఎండను పట్టుకుని నా మొహాన కొడుతున్నాయి. వాటిలో ఒకటి మా పెద్దనాయన ఇల్లున్న చోటే లేచింది. దాని వాకిట్లో ఒక నల్లరాతి గోడ, ఆ గోడ మీంచి పొద్దస్తమానం జారే నీళ్ళు. ఎవరూ తాగని, ఎవరూ అంట్లు తోమని, ఎవరూ తిట్టుకోని నీళ్ళు. వాటిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రోజు ఇంకాస్త ఎక్కువ మండింది, ఎందుకంటే ఆ స్థలంలో నీళ్ళ కోసం నా రక్తం పేరు చెప్పి నన్ను ఊరేగించారు. ఆ రక్తం కూడా తప్పుడు రక్తమని ఇప్పుడు తేలింది.

ఇంటర్ బైపీసీ చదవడానికి అనంతపురం నుంచి వచ్చి పెద్దనాయన ఇంట్లో పడ్డాను. చేరాను అనను, పడ్డాను. అప్పటికి ఆ చుట్టుపక్కల ఉన్నవి బండరాళ్ళు, తంగేడు పొదలు, వాటి మధ్య సున్నపు గీతలతో ప్లాట్లు. మాదాపూర్ వైపు ఒక గుండ్రటి భవనం లేస్తోంది, అది పూర్తయితే స్వర్గం అక్కడే దిగుతుందని ఊరంతా నమ్మింది. పగలంతా రాళ్ళు పేల్చేవాళ్ళు. ఈల వేసేవాళ్ళు, తర్వాత భూమి ఒక్కసారి తుమ్మేది, తర్వాత మా సాంబారులోకి దుమ్ము వచ్చి చేరేది. మందుగుండు వాసన, ట్యాంకరు రబ్బరు గొట్టం వాసన, ఎండకు కాగిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము వాసన, ఈ మూడూ కలిపి ఇవాళ సీసాలో పట్టి అమ్మితే ముక్కు మూసుకుని మరీ కొనుక్కుంటాను. పెద్దనాయన ప్లాట్ల వ్యాపారి. ఏ రాయిని చూపించినా "బంగారమప్పా ఇది" అనేవాడు. ఊరివాళ్ళకు అమ్మగా మిగిలిన రాయి మీద తను ఇల్లు కట్టుకున్నాడు. ఆ రాయి కింద నీళ్ళున్నాయో లేదో అడగడం ఆయనకు తోచలేదు. ఆయన జన్మలో అడగడం అనే పని చేసినట్టు సాక్ష్యం లేదు.

అందువల్ల మా ఇంట్లో నీళ్ళకు ఒక జీవితం ఉండేది. ట్యాంకరులోంచి డ్రమ్ములోకి పుట్టేవి. మొదట బియ్యం కడిగేవి, కుడితిగా మారి గిన్నెలు నానబెట్టేవి, గిన్నెలు కడిగాక కరివేపాకు చెట్టు మొదట్లోకి వెళ్ళేవి, చెట్టు తాగగా మిగిలిన బురదను పెద్దమ్మ చీపురుతో వాకిలంతా చిలకరించేది. అలా పుట్టి, పెరిగి, పని చేసి, ముసలివై, చివరికి ముగ్గు కింద ప్రాణం వదిలేవి. స్నానానికి పూర్తి బకెట్టు ఆ ఇంట్లో పెద్దనాయన ఒక్కడికే. ఆయన స్నానం చేస్తుంటే నీళ్ళు నేల మీద పడే చప్పుడు విని పెద్దమ్మ వంటింట్లో కళ్ళు మూసుకునేది, ఎవరో తన నగలు కాలవలోకి విసురుతున్నట్టు.

ఆ ఇల్లు కట్టిన నాటి నుంచి పెద్దమ్మ ఆయనతో నేరుగా మాట్లాడడం మానేసింది. మధ్యలో టెలిఫోన్ తీగను నేను.

"చెప్పురా మీ పెద్దనాయనకు, ట్యాంకరు ఈ పొద్దు కూడా రాలేదని."

ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. "చెప్పు మీ పెద్దమ్మకు, నేను గూడా చెవులుండే మనిషినే అని."

"చెవులుండేది తెలుసులే, బుద్ధి సంగతి అడుగు."

నేను అటు తిరిగి, ఇటు తిరిగి, మెడ నొప్పితో కాలేజీకి వెళ్ళేవాణ్ణి. కూకట్‌పల్లిలో ఇరుకు మెట్ల మీద, కింద టైర్ల కొట్టు, పైన మా కాలేజీ. మొదటి పాఠమే జీవ లక్షణాలు. జీవి అయితే ఆహారం తీసుకుంటుంది, శ్వాసిస్తుంది, పెరుగుతుంది, కదులుతుంది, వ్యర్థాలను విసర్జిస్తుంది, ప్రేరణకు ప్రతిస్పందిస్తుంది, తన లాంటి వాటిని పుట్టిస్తుంది. ఆ రోజే ఇంటికి వచ్చి పెద్దనాయన మీద పరీక్ష పెట్టాను. ఆహారంలో మొదటి శ్రేణి. పెరుగుదల, ముఖ్యంగా నడుము చుట్టూ, కొనసాగుతోంది. ప్రేరణ దగ్గర తప్పాడు. పెద్దమ్మ ఖాళీ బిందెను కావాలని నేలకేసి కొట్టింది, ఆయన పేపరు తిప్పాడు. బిడ్డలు లేరు గనుక పునరుత్పత్తి దగ్గర కూడా కొట్టేశాను. ఆయన్ను బండరాళ్ళ జాబితాలో వేసుకుని హాయిగా నిద్రపోయాను.

తర్వాత నీటి పాఠం. నీటి అణువుకు ఒక వైపు కొంచెం ఋణం, ఒక వైపు కొంచెం ధనం. అందుకని అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వేలాడతాయి. ఆ పట్టు వల్లనే నీటి మీద పురుగు మునగకుండా నడుస్తుంది, ఆ పట్టు వల్లనే వేరు దగ్గరి నీళ్ళు చిటారు కొమ్మలోని ఆకు దాకా తాడులా పాకుతాయి. వేడి చేస్తే తొందరగా వేడెక్కవు, వేడెక్కితే తొందరగా చల్లారవు. గడ్డకట్టినప్పుడు మునగకుండా తేలతాయి కాబట్టే మంచు కింద చేపలు బతుకుతాయి. దొరికిందల్లా తమలో కరిగించుకుంటాయి. బోటనీ సారు ఇదంతా చెప్పి గొంతు ఎండిపోయి కుండ దగ్గరికి వెళితే కుండలో చుక్క లేదు. మేము నవ్వాము. ఆయన నవ్వలేదు, కుండను తిరగేసి తట్టి, "నీరు లేనిదే జీవం లేదు, రాసుకోండి" అన్నాడు.

నాకు ఆ చదువు మీద పిచ్చి పట్టిన రోజు వేరే ఉంది. మా డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్ళను సిరాబుడ్డిలో పట్టుకెళ్ళి ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాను. అందులో చెప్పు అట్టలాంటి జీవి ఒకటి ఒళ్ళంతా వెంట్రుకలు ఆడిస్తూ అడ్డం వచ్చిన దాన్నల్లా గుద్దుకుంటూ పోతోంది. దాని వెనక ఇంకొకటి. ఒకటి నడుము దగ్గర సన్నబడి, నేను చూస్తుండగానే రెండైంది. మా ఇంట్లో ఇన్నాళ్ళుగా జరగనిదంతా ఆ చుక్కలో జరుగుతోంది. కన్ను తియ్యబుద్ధి కాలేదు. వెనక కుర్రాళ్ళు తోసేదాకా తియ్యలేదు కూడా. బతికితే ఇది చూస్తూ బతకాలని అప్పుడే అనుకున్నాను. ఇంటికి వచ్చి చెబితే పెద్దమ్మ ఆ రోజు నుంచి నీళ్ళు కాచి చల్లార్చి తప్ప తాగనివ్వలేదు. పెద్దనాయన మాత్రం, "పురుగుల్ని చూసేదానికి కాలేజీ ఏంటికిరా, మన డ్రమ్ములోనే చూడు" అన్నాడు.

ఆయనకు కంప్యూటర్ పూనింది. ప్రతి స్తంభానికీ కంప్యూటర్ కోర్సుల గుడ్డ బ్యానర్లు కట్టిన రోజులవి. శతాబ్దం మారగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒకేసారి చెడిపోతాయట, వాటిని బాగుచేయడానికి తెలుగువాళ్ళు కావాలట. స్థలాలు కొనడానికి వచ్చే ప్రతివాడూ ఆయన చెవిలో అదే ఊదేవాడు. "ఆకులు, కప్పలు వదిలిపెట్టి కంప్యూటర్‌లో చేరు. ఆ గుండ్రం బిల్డింగులో కూర్చుంటావు" అని పొద్దున పళ్ళు తోముకుంటూ మొదలుపెట్టేవాడు. నా మౌనం ఆయనకు సమ్మతిలా కనిపించేది. నిజానికి అది పెద్దమ్మ దగ్గర నేర్చుకున్న విద్య.

ఇంతలో మా జువాలజీ ప్రాక్టికల్లో రక్తం గ్రూపులు చూసుకోమన్నారు. గాజు పలక మీద రక్తపు చుక్కలు పెట్టి, ఒకదానిలో నీలం మందు, ఒకదానిలో పసుపు మందు వేసి పుల్లతో కలపాలి. ఎందులో రక్తం గుంపులు కడితే ఆ గ్రూపు, దేనిలోనూ కట్టకపోతే ఓ. నాది దేనిలోనూ గుంపులు కట్టలేదు. ఆ మందు సీసాలు మా కాలేజీ కంటే పాతవని, వాటిలో శక్తి ఎప్పుడో హరించిందని ఇప్పుడు ఊహించగలను. ఆ సారు మాత్రం పలక చూసి, పాజిటివో నెగెటివో తేల్చే మూడో మందు లేకుండానే, "ఓ పాజిటివ్, నెక్స్ట్" అన్నాడు. నేను ఆ సంగతి రాత్రి అన్నం దగ్గర గొప్పగా చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన అన్ని గొప్పల్లోకీ ఎక్కువ నష్టం చేసింది అదే.

పెద్దనాయన చేతిలో ముద్ద అలాగే ఆగింది. "ఓ పాజిటివా? నిజమేనా?"

ఈ ప్రాంతంలో, మా సీమలోనూ, బోరు వేసేముందు పాయింటు చూసే పద్ధతి ఒకటుంది. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తారు. నీళ్ళున్న చోట అది దానంతటదే లేచి నిలబడుతుంది. అందరి చేతిలో నిలబడదు, ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళ చేతిలోనే నిలబడుతుందని గట్టి నమ్మకం. పెద్దనాయన అంతకుముందు పిలిపించిన పాయింటు చూసేవాళ్ళ మాట నమ్మి వేయించిన బోర్లు రాతిపిండి తప్ప ఏమీ ఇవ్వలేదు. ఇప్పుడు ఇంట్లోనే, తన అన్నం తింటూ, తన గ్లాసులో మజ్జిగ తాగుతూ ఒక ఓ పాజిటివ్ కూర్చుని ఉన్నాడు.

"రేపే పాయింటు చూస్తాండావు. నీళ్ళు పడితే నీ ఆకులూ కప్పలూ నువ్వు కోసుకో, నేను అడ్డం రాను. పడకపోతే కంప్యూటర్. సరేనా?"

రక్తానికీ నేల కింద నీళ్ళకూ సంబంధం లేదని నేను జీవశాస్త్రం మొత్తాన్ని సాక్షిగా నిలబెట్టి చెప్పాను. ఆయన చేయి కడుక్కున్నాడు. పెద్దమ్మ నా వైపు తిరిగి, "చూడు నాయనా, మీ పెద్దనాయన కోసం కాదు, నా కోసం చూడు" అంది. ఆమె అరచేతులు బిందె అంచు ఒరుసుకుని కాయలు కాచి ఉన్నాయి. ఒప్పుకున్నాను.

నేను నా పద్ధతిలో ముందే చూసి పెట్టుకున్నాను. మండుటెండల్లో ప్లాటంతా పెంకులా ఉంటే, తూర్పు ప్రహరీ వారగా జానెడు మేర గరిక పచ్చగా ఉంది. జీవం ఉన్నచోట నీరు ఉండాలి. పాఠం అదే, నా చేతిలో ఉన్న ఆధారమూ అదొక్కటే. "పెద్దనాయనా, అక్కడ గడ్డి చూడు" అన్నాను. "గడ్డి చెప్తాదా? టెంకాయ చెప్పల్ల" అన్నాడు. అలాగేనని టెంకాయ పట్టుకుని గడ్డి వైపు నడిచాను. పసుపు రాసిన టెంకాయ, చెప్పుల్లేని కాళ్ళు, కాలుతున్న నేల, వెనక పెద్దనాయన, ఆయన వెనక బోరు లారీవాళ్ళు. పెళ్ళికొడుకు ఊరేగింపులా ఉంది, గుర్రం కూడా నేనే. గరిక మీద కాలు పెట్టగానే చల్లగా తగిలి ఒళ్ళు జల్లుమంది, చెమటకు అరచెయ్యి జారింది, టెంకాయ నిటారుగా లేచి కూర్చుంది. సైన్సు ఏం చెబుతుందో నాకు తెలుసు. టెంకాయకు తెలియదు.

బోరు మిషను కేక పెట్టింది. మొదట మన్ను, తర్వాత తెల్లటి రాతిపిండి. పెద్దనాయన కనుబొమలు, పెద్దమ్మ జుట్టు, కరివేపాకు చెట్టు, అన్నీ ఒకే వయసుకు వచ్చాయి. అంతలో పిండి ముద్దకట్టింది. తర్వాత నీళ్ళు! గాలి తోసిన నీళ్ళు మా ఇంటికంటే ఎత్తున లేచాయి. సరే, ప్రహరీ ఎత్తు. పెద్దనాయన చొక్కాతో సహా తడిసి ఎగిరాడు. మజ్జిగలా తెల్లగా ఉన్నాయి నీళ్ళు. "తేరుకుంటాయిలే" అంటూ పెద్దమ్మ బిందెలు, గుండిగలు, ఇడ్లీ పాత్ర, చివరికి పప్పుగుత్తి కూడా పట్టుకొచ్చింది.

ఆ సంతోషంలో ప్రహరీ మీద ఒక తల లేచింది. పక్కింటి యాదమ్మ. మా కంటే ముందు నుంచీ అక్కడే ఉన్న కుటుంబం, గోడకు ఆనుకుని నేల కింద కొత్తగా నీళ్ళ సంపు కట్టించుకున్నారు.

"ఏందక్కా గిది? మా సంపుల నీళ్ళు బిరబిర దిగవట్టె! పొద్దుగాలనే ట్యాంకర్ పోయించుకున్న!"

ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం గరిక ఎందుకు పచ్చగా ఉందో వెన్నులోంచి అర్థమైంది. సంపు కారుతోంది. మిషను అదురుకు దాని గోడ పూర్తిగా పగిలి, యాదమ్మ నీళ్ళన్నీ మా గుంతలోకి వచ్చి, అక్కడినుంచి మా ఇడ్లీ పాత్రలోకి వస్తున్నాయి.

"జర ఆపుండ్రి! గవి మీ నీళ్ళు గాదు, మా నీళ్ళు!"

"నేల కింద నీళ్ళకు మీవి, మావి అని ఉంటాదామ్మా?" అన్నాడు పెద్దనాయన, ఇంకా ఆశ చావక.

"నేల కింద గాదు సేటూ, సిమెంటు కింద! గా పోరని చేతిల టెంకాయ లేసిందా? మా సంపు మీద లేవక ఏమైతది? మా ఇంట్ల బిందె మీద నిలవెడితే గూడ లేస్తది!"

బోరువాళ్ళు నవ్వు ఆపుకోలేక మిషను ఆపారు. పెద్దమ్మ మాత్రం ఆపలేదు. యాదమ్మ తిడుతున్నంతసేపూ, చివరి చుక్క చిమ్మేదాకా పట్టుకుంటూనే ఉంది. ఆ తర్వాత మిషను మళ్ళీ నడిచింది, భూమి అవతలి వైపు నుంచి బయటికి వస్తుందేమో అన్నంత లోతు. పిండి, పిండి, పిండి.

పెద్దనాయన నా వైపు తిరిగాడు. నేను ముందే అందుకున్నాను. "నీళ్ళు పడితే అన్నావు. పడ్డాయి. ఎవరి నీళ్ళని ఒప్పందంలో లేదు. అణువు మీద యాదమ్మ పేరు రాసి ఉండదు."

"యాదమ్మ నీళ్ళు చూపించినందుకు పోయి యాదమ్మనే చదివించమను."

ఆ చుక్కలో రెండుగా చీలిన జీవి కళ్ళ ముందు కదిలింది, దాని మీద ఎవరో కంప్యూటర్ కోర్సు బ్యానర్ కప్పుతున్నట్టు. ఏడవకూడదని రాతిపిండి వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు పెద్దమ్మ చివరి బిందె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, నన్ను దాటుకుని వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది. తీగ అక్కర్లేకుండా, నేరుగా మొహం చూసి అంది: "నీళ్ళు పడినాయి. నా బిందెలు నిండినాయి. మాటిచ్చినావు, వాణ్ణి చదువుకోనీ."

అలా బైపీసీ నిలిచింది. డిగ్రీ కూడా అందులోనే చేశాను. యాదమ్మ సంపును పెద్దనాయనే బాగుచేయించాడు. అయినా ఆమె తన ప్లాటు అమ్ముకుని వెళ్ళేదాకా ప్రతి ఎండాకాలం గోడ మీంచి, "ఏం డాక్టర్ సాబ్, గీ యేడు ఎవ్వరింట్ల నీళ్ళు చూస్తున్నవ్?" అని అడుగుతూనే ఉంది. డాక్టర్ సాబ్ అయ్యేంత మార్కులు నాకు రాలేదు. జీవశాస్త్రం చదివినవాడికి ఆ రోజుల్లో దొరికిన ఉద్యోగం, అమెరికా డాక్టర్లు గొణిగింది చెవుల్లో పెట్టుకుని విని టైపు చేయడం. అది కూడా ఎక్కడ? ఆ గుండ్రటి భవనం పక్క వీధిలో, కంప్యూటర్ ముందు. ఆ వార్త విన్న రోజు పెద్దనాయన నవ్విన నవ్వును నేను క్షమించలేదు. పోయేదాకా ఎవరొచ్చినా, "చూడప్పా, ఆకులనీ కప్పలనీ చుట్టు తిరిగి యాడికొచ్చినాడో" అని నన్ను చూపించేవాడు.

ఇవాళ పెద్దనాయన ఇల్లున్న చోట లేచిన ఆ అద్దాల మేడలో ప్రతి అంతస్తులోనూ నీళ్ళున్నాయి. వడగట్టి, మళ్ళీ వడగట్టి, ఉన్న ఉప్పంతా తీసేసి, రుచి అనేది పొరపాటున కూడా మిగలకుండా చేసిన నీళ్ళు. దొరికిందల్లా కరిగించుకునే స్వభావం ఉన్నదానికి ఏమీ అందకుండా చేసి, దాన్ని శుద్ధి అంటున్నారు. ఒక చుక్క తెచ్చి మైక్రోస్కోపు కింద పెడితే శ్మశానం. ఆ నీళ్ళు తాగే పిల్లలు అద్దాల వెనక కదలకుండా కూర్చుంటారు, పిలిస్తే పలకరు, చెవుల్లో ఏవో పెట్టుకుంటారు. జీవ లక్షణాల పరీక్ష పెడితే మా పెద్దనాయనే నయం, కనీసం అరిచేవాడు. పెద్దమ్మ ఇప్పుడు ఉంటున్న అపార్ట్‌మెంటులో కుళాయి తిప్పితే నీళ్ళు ఆగవు. అయినా బాత్రూములో బకెట్లన్నీ నింపి, మూతలు పెట్టి ఉంచుతుంది. నేను నవ్వితే, "నువ్వు చూపించిన పాయింటు గుర్తొస్తాదిరా" అంటుంది.

ఇక కల్పన సంగతి. ల్యాబు అమ్మాయి నిజం, గరిక నిజం, సంపు నిజం, నీళ్ళు పట్టడానికి పప్పుగుత్తి తేవడం కూడా నిజం. నేను కల్పించింది ఒక్కటే. పెద్దమ్మ ఆ రోజు ఆయన ఎదుటికి వెళ్ళలేదు, నోరు తెరవలేదు. బిందెలు సర్దుకుంటూ మాకు వీపు పెట్టి ఉంది. యాదమ్మ చేత తిట్లు తిని, బోరువాళ్ళ ముందు నవ్వులపాలై, తెల్లటి బురద కారుతున్న చొక్కాతో నిలబడి, యాదమ్మనే చదివించమన్న మాటను తనే వెనక్కి తీసుకుని, "నీళ్ళు పడినాయి గదరా, మాటంటే మాటే, పో, పోయి చదువుకో" అన్నది పెద్దనాయన. అడగడానికి ఎవరూ లేరు, అడ్డం తిరిగినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అధ్యాయం పొడుగునా ఆయన్ను రాళ్ళలో కలిపి, చివర్లో ఆ మాట ఆయన నోట పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు, అందుకని పెద్దమ్మకు ఇచ్చేశాను. ఆమె నోట బాగుంది కూడా. ఆయన మీద ఇంతకాలం జాగ్రత్తగా పెంచుకున్న కోపాన్ని ఒక్క మాట కోసం వదులుకోమంటే మాత్రం నా వల్ల కాదు. కానీ మాట ఆయనదే.